సొంత కరెంటులో ‘సొంతం’ ఎంత?

ఫ్యాక్టరీవాడు తన డబ్బుతో తన కరెంటు తానే చేసుకుంటుంటే మధ్యలో ప్రభుత్వానికి నొప్పేంటి? క్యాప్టివ్ పవర్ మాటొస్తే మనలాంటి ఐటీవాళ్ళు ఠక్కున అడిగే ప్రశ్న ఇది. బానే ఉంది, కానీ సొంతం అంటే ఏంటి? మన దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్న గొడవలో సగం ఈ మాట మీదే.

1948 విద్యుత్ సరఫరా చట్టంతో రాష్ట్రాల్లో విద్యుత్ బోర్డులు వచ్చాయి. బోర్డు ఒప్పుకుంటేనే ఎవరైనా కొత్త జనరేటింగ్ స్టేషన్ పెట్టాలని అందులో 44వ సెక్షన్. అందరి కరెంటూ ఒకే గ్రిడ్డులోంచి రావాలన్నది అప్పటి ఆలోచన.

ఇక అసలు కథ ఉత్తరప్రదేశ్‌లో. రిహాండ్ డ్యాము పక్కన రేణుకూట్‌లో 1962లో హిందాల్కో అల్యూమినియం ఫ్యాక్టరీ మొదలైంది. టన్ను అల్యూమినియం తియ్యాలంటే సుమారు 14-15 వేల యూనిట్లు కావాలి. నెలకి వంద యూనిట్లు వాడే ఇంటికైతే అది పన్నెండేళ్ళ కరెంటు! పైగా కొన్ని గంటలు కరెంటు పోయిందంటే కరిగిన లోహం తొట్లలోనే గడ్డకట్టేస్తుంది. మన సర్వర్లలాగా రీస్టార్ట్ చేస్తే సరిపోదు. వానల్ని నమ్ముకున్న జలవిద్యుత్తు మీద ఇలాంటి ఫ్యాక్టరీని ఎన్నాళ్ళని నడుపుతారు? అందుకే సింగ్రౌలీ బొగ్గుతో నడిచే రేణుసాగర్ ప్లాంటు 1967లో వచ్చింది. కాకపోతే దాన్ని హిందాల్కో నేరుగా పెట్టలేదు. రేణుసాగర్ పవర్ అని వేరే కంపెనీ, వాటాలన్నీ మాత్రం హిందాల్కోవే.

తర్వాత విద్యుత్ సుంకం దగ్గర పేచీ వచ్చింది. ఇది మా సొంత కరెంటు అని హిందాల్కో వాదన. మీకు అమ్మేది వేరే కంపెనీ కదా, సొంతం ఎలా అవుతుందని ప్రభుత్వం. నాకైతే ప్రభుత్వం మాట మరీ కొట్టిపారేసేదిగా అనిపించదు. అవసరమైనప్పుడు రెండు కంపెనీలు, పన్ను దగ్గరికొచ్చేసరికి ఒకటేనా? కానీ 1988లో సుప్రీంకోర్టు కంపెనీ ముసుగు తీసి చూసి, ఇద్దరూ ఒకటే, ఇది హిందాల్కో సొంత కరెంటే అని తేల్చింది. హమ్మయ్య గెలిచారనుకుంటున్నారా? సుంకం మినహాయింపు మాత్రం దక్కలేదు. ఇవ్వాలో వద్దో చూసుకోవాల్సింది ప్రభుత్వమే అంది కోర్టు.

మన దగ్గర ఇదే కాలంలో, 1988లో, ఇంకో ప్రయోగం మొదలైంది. విజ్జేశ్వరం గ్యాస్ ప్లాంటు కోసం విద్యుత్ బోర్డూ ప్రైవేటు పరిశ్రమలూ కలిసి ఒక కంపెనీ పెట్టాయి. ఎవరి వాటాని బట్టి వాళ్ళకి కరెంటు. ఇప్పుడు గ్రూప్ క్యాప్టివ్ అని గొప్పగా చెప్పుకునేది మనవాళ్ళు అప్పుడే చేశారు.

2003 చట్టం తలుపులు బార్లా తెరిచింది. క్యాప్టివ్ ప్లాంటుకి లైసెన్సు అక్కర్లేదు, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ లేదు. 2005 రూల్సు ‘సొంతం’ అనే మాటని రెండు ఇఫ్ కండిషన్లు చేసేశాయి. వాడుకునేవాళ్ళకి కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్ళే వాడాలి. ఇక చూడండి, సర్‌ఛార్జీ తప్పించుకోడానికి సరిగ్గా 26 శాతం కొనే తెలివితేటలు! టెస్టు కేసు పాసయితే చాలన్నట్టు కోడు రాసేవాళ్ళు మనలోనూ ఉన్నారుగా.

ఆ సర్‌ఛార్జీ ఎందుకంటే, ఫ్యాక్టరీలు ఎక్కువ రేటు కడితేనే ఇళ్ళకీ పొలాలకీ తక్కువకి ఇవ్వగలిగేది. పెద్ద కస్టమరు వెళ్ళిపోతే ఆ లోటు మిగిలినవాళ్ళ బిల్లులో పడాలి, లేదా ప్రభుత్వం పూడ్చాలి. రేట్లు పెంచితే ఏమవుతుందో 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో చూశాం, కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004 నుంచి మన పొలాలకి ఉచిత కరెంటు కూడా.

నా లెక్కలో ఫ్యాక్టరీ పక్కనే ప్లాంటు పెట్టుకుని రిస్కంతా తనే మోసేవాడిని వదిలెయ్యాలి. కాగితం మీద వాటా కొనుక్కుని అందరి లైన్ల మీద కరెంటు తెచ్చుకునేవాడు మాత్రం సర్‌ఛార్జీలో ఎంతో కొంత కట్టాల్సిందే. కానీ 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు క్యాప్టివ్ వాడకందార్లకి అదనపు సర్‌ఛార్జీ కూడా వర్తించదని చెప్పింది. దాని మీద గట్టిగా వాదించే మొహం డిస్కములకీ లేదులెండి. 2012లో పరిశ్రమలకి వారానికి మూడ్రోజుల పవర్ హాలిడేలు, 2022 ఏప్రిల్లో ఆంధ్రాలో మళ్ళీ హాలిడేలు. ఇన్ని చూసినవాడు సొంత ప్లాంటు పెట్టుకోక ఏం చేస్తాడు?