మూత్రపిండములు, నెత్తురు, ఇనుము

అల్లూరు వరిచేలలో ప్రొద్దుపొడుపునకే దిగి పనిచేసిన రైతొకడు ఇపుడు గట్టుమీదనే కూలబడుచున్నాడనుకొందము. అన్నము రుచింపదు, నాలుగడుగులు వేసిన ఆయాసము. ఇరుగుపొరుగువారు సోమరి యందురు. వైద్యుడు మూత్రపిండముల దీర్ఘవ్యాధి యనును. ఆ వ్యాధికిని ఈ నీరసమునకును గల ముడిని విప్పుటకు సుమారు నూటయేబది యేండ్లు పట్టినది. ఆ చరిత్రనే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

1836లో లండను వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఇట్టి రోగుల ముఖము పాలిపోవుటను గుర్తించెను. కారణము తెలియలేదు. నెత్తురు పుట్టించుటకు ప్రేరేపించు పదార్థమొకటి దేహమున కలదని 1906లో పారిస్ నగరమున కార్నో, దెఫ్లాండ్ర్ అనువారు ప్రతిపాదించిరి. అది ముఖ్యముగా మూత్రపిండములలోనే పుట్టునని 1957లో చికాగో శాస్త్రజ్ఞులు చూపిరి. దాని పేరు ఎరిత్రోపాయిటిన్. కనుక మూత్రపిండము మలినములను వడపోయు జల్లెడ మాత్రమే కాదు. ఎర్రకణములను తయారుచేయుమని ఎముకల మూలుగకు కబురంపునదియు నదియే. అది చెడినచో కబురు తగ్గును, నెత్తురు తగ్గును.

1977లో గోల్డ్‌వాసర్, మియాకే మొదలగువారు 2,550 లీటర్ల మూత్రమునుండి కొలది మిల్లీగ్రాముల శుద్ధపదార్థమును తీసిరి. 1985లో దాని జన్యువు చేజిక్కినది. 1987లో డయాలిసిస్ రోగులపై జరిగిన పరీక్షల ఫలితములు వెలువడినవి. మాటిమాటికి పరుల నెత్తురు ఎక్కించుకొనిన వారిలో పెక్కుమందికి ఆ అవసరము తప్పినది. ఆకలి, ఓపిక మరలివచ్చినవి.

అయితే కబురు చేరినను సరకు లేనిదే పని సాగదు. ఆ సరకు ఇనుము. క్రొత్త కణములు పుట్టినకొలది నిల్వ తరిగినది. డయాలిసిస్‌లో పోవు నెత్తురుతో మరికొంత పోయినది. 2000 ప్రాంతమున హెప్సిడిన్ బయటపడినది. కాలేయమున పుట్టు ఈ పదార్థము మూత్రపిండముల వ్యాధిలో హెచ్చి, ప్రేగులనుండి ఇనుమును రానీయదు. గాదెలోని నిల్వకును తాళము వేయును. మాత్రలు చాలనివారికి ఇనుమును నరముద్వారా ఎక్కించుట అందువలననే. మితియు అవసరమే: ఎరిత్రోపాయిటిన్ జాతి మందులతో నెత్తుటిని ఆరోగ్యవంతుల స్థాయికి పెంచబోయిన మేలుకంటె కీడు కలుగవచ్చునని 2006, 2009 సంవత్సరముల పరిశోధనలు హెచ్చరించినవి.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. అల్లూరువలెనే సముద్రపుగాలి సోకు శ్రీకాకుళపు ఉద్దానమున, కవిటి, సోంపేట ప్రాంతముల కొబ్బరి, జీడితోటల నడుమ, ఈ వ్యాధి ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. మూలకారణము నిశ్చయముగా తేలలేదు. 2023లో పలాసలో మూత్రపిండ వ్యాధులకు ప్రత్యేక ఆసుపత్రి వెలసినది.

మూలకారణము తేలకున్నను, నీరసమునకు గల కారణమును వెదకవచ్చును. హీమోగ్లోబిన్‌తోపాటు ఇనుపనిల్వను తెలుపు ఫెర్రిటిన్ మున్నగు పరీక్షలు చేయించుట మేలు. ఇనుపమందును వైద్యుని సలహా లేనిదే వాడరాదు. గట్టుమీద కూలబడిన ఆ రైతును సోమరి యనుటకు ముందు, అతని నెత్తురు ఏమి చెప్పుచున్నదో విందము.