సైదాపేట నాగజెముడు తోట

పూర్వము మెక్సికోలోని నాగజెముడుపై పెరుగు కోచినీల్ పురుగులనుండి తీసిన ఎఱ్ఱరంగును స్పెయిను దేశస్థులే ఐరోపాకు అమ్ముచుండిరి. ఆ లాభమునాశించి డాక్టరు జేమ్సు ఆండర్సను 18వ శతాబ్ది చివర మద్రాసు చెంత సైదాపేటలో నాగజెముడు తోట వేసెను. లండను సమీపమందలి క్యూ తోటనుండి మొక్కలు వచ్చినవి. మొక్కలు పెరిగినవి, తగిన పురుగే దొరకలేదు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిలునుండి కలకత్తాకు తెచ్చినది వేరొక జాతి. దాని రంగు నాసిరకము. పైగా అది దేశమున వ్యాపించియున్న ఒక జాతి నాగజెముడును తిని నశింపజేసెను. మరొక జాతిని ముట్టలేదు. ఆ రెండవదానిని అణచుటకు 1926లో ఇంకొక కోచినీల్ జాతిని సింహళమునుండి తేవలసివచ్చినది.

ఏ పురుగు ఏ మొక్కను ఆశ్రయించునో తెలిసికొననిదే తోట నిలువదు. నేటి చిన్న కాక్టసు నర్సరీలకును ఇదే పాఠము: కొత్త మొక్కను కొన్నాళ్లు వేరుగా నుంచి, దూదివంటి తెల్లని పూత కలదేమో పరీక్షింపవలెను.