టేపు లేని క్యాసెట్టు

మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పాత బీరువాను సర్దుచుండగా ఒక క్యాసెట్టు దొరికినది. పైకి చూచుటకు అన్ని క్యాసెట్టుల వంటిదే. కాని దాని యొక మూలనుండి గజమంత పొడవున సన్నని తీగ బయటకు వచ్చుచున్నది. తీగ చివర ఇయర్‌ఫోనుకు ఉండునటువంటి పిన్ను ఉన్నది. పరికించి చూడగా లోపల టేపు బొత్తిగా లేదు. ఇంటర్మీడియేటు విద్యార్థి యొకడు దానిని చేత పుచ్చుకొని అటు నిటు త్రిప్పి, "టేపు లేనిచో పాట ఎక్కడనుండి వచ్చును సార్?" అని అడిగినాడు.

ఆ వస్తువు పేరు క్యాసెట్టు అడాప్టరు. జేబులో పెట్టుకొని తిరుగు చిన్న సంగీతయంత్రములోని పాటను కారులోని స్టీరియో ద్వారా వినుటకు దానిని వాడెడివారు. రెండు యంత్రములను తీగతో కలుపుటకు ఇంత తంత్ర మెందుకని చదువరులకు తోచవచ్చును. ఆనాటి కారు స్టీరియోలలో చాలవానికి తీగను తగిలించుటకు రంధ్రమే లేదు. పాట లోపలికి పోవలెనన్నచో ఏదో యొక దొడ్డిదారి వెదకవలసి వచ్చినది. ఆ దారుల చరిత్ర కొంచెము వెనుకనుండి చెప్పుకొనవలెను.

అమెరికాలోని చికాగో నగరమున గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషను వారు 1930లో కారులో అమర్చదగిన రేడియోను తయారుచేసిరి. మోటారు అను మాటకు, ఆనాటి గ్రామఫోను పేర్ల చివర వినబడు 'ఓలా'ను చేర్చి 'మోటొరోలా' యని దానికి పేరు పెట్టిరి. 1947లో సంస్థయే ఆ పేరు ధరించినది. కారులో రేడియో పెట్టుటకు రెండు చిక్కులు ఎదురైనవి. వాల్వులలోని ప్లేటులకు నూరు వోల్టులకు పైబడి కావలెను. ఆనాటి కారు బ్యాటరీ ఇచ్చునది ఆరు వోల్టులే. అందుచే మొదట వేరుగా బ్యాటరీలు పెట్టిరి. పిదప ఏకముఖ విద్యుత్తును క్షణక్షణము తెంచుచు కలుపుచుండు 'వైబ్రేటరు' అను సాధనమును కనుగొని, దానితో ట్రాన్స్‌ఫార్మరును పనిచేయించి వోల్టేజిని పెంచిరి.

రెండవ చిక్కు ఇంకను ముచ్చటయైనది. 1887లో హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు విద్యుదయస్కాంత తరంగములను పుట్టించినది ప్రేరణచుట్టతోను, నిప్పురవ్వతోను గదా! పెట్రోలు ఇంజనులోని ఇగ్నిషను చుట్ట, స్పార్కు ప్లగ్గు సరిగా ఆ రెండే. అనగా రోడ్డుపై పరుగెత్తు ప్రతి పెట్రోలు కారును ఒక హెర్ట్జ్ ప్రసారిణి. ఇంజను నడుచుచున్నంతసేపు రేడియోలో టపటప చప్పుడే వినవచ్చెను. ప్లగ్గు తీగలలో నిరోధకములను చేర్చి, లోహపు తొడుగులు తొడిగి ఆ బాధను తగ్గించిరి. కారులో సంగీతమునకు ఇంజనే తొలి శత్రువను సంగతి మన కథలో మరియొకసారి తలయెత్తును.

రేడియోలో ఇతరు లెంచిన పాటనే వినవలెను. తన కిష్టమైన పాటను కారులో వినవలెనను కోరికతో 1956 మోడలు కారులలో క్రైస్లరు సంస్థ ఏకముగా గ్రామఫోనునే అమర్చినది. సి.బి.ఎస్. సంస్థకు చెందిన పీటర్ గోల్డ్‌మార్క్ దాని రూపకర్త. నిమిషమునకు 16⅔ చుట్లు తిరుగు ప్రత్యేకమైన ప్లేటులు దానికి కావలెను. అవి ఇంటి గ్రామఫోనులకు సాధారణముగా పనికిరావు. ఆ యంత్రము కొలది సంవత్సరములలోనే మూలబడినది. తరువాత అమెరికాలో 'ఎయిట్-ట్రాక్' టేపుపెట్టెలు వచ్చినవి. ఫోర్డు సంస్థ 1966 మోడలు కారులలో వానిని ప్రవేశపెట్టినది. అవియు ఒక దశాబ్దికి మించి వర్ధిల్లలేదు.

నిలిచినది 1963లో ఫిలిప్స్ సంస్థవారు బెర్లిను రేడియో ప్రదర్శనమున చూపిన చిన్న క్యాసెట్టు. దాని టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగమున నడచును. లూ ఓటెన్స్ అను ఇంజనీరు ఆ బృందమునకు నాయకుడు. కొలది కాలమునకే అది కారులలోనికి ప్రవేశించినది. 1979 జూలై 1వ తేదీన జపానులో సోనీ సంస్థ 'వాక్‌మాన్' అను జేబుయంత్రమును 33,000 యెన్నుల వెలకు అమ్మకమునకు పెట్టినది.

ఆ సంవత్సరములలో జేబుయంత్రమును కారు స్టీరియోకు కలుపవలెనను ఆలోచన ఎవరికిని అంతగా కలుగలేదు. అవసర మేమున్నది? నడచుచు విన్న క్యాసెట్టునే తీసి కారు డెక్కులో దూర్చినచో సరిపోవును. యంత్రములు వేరైనను వానిలో తిరుగు నాణెము ఒక్కటే. మన దేశములో 1980 దశకమున టాక్సీలలోను, లారీలలోను, పెండ్లి బస్సులలోను మ్రోగినది ఆ క్యాసెట్టే.

ఆ ఐకమత్యమును చెడగొట్టినది కాంపాక్టు డిస్కు. 1982 అక్టోబరులో జపానులో సి.డి. యంత్రములు అమ్మకమునకు వచ్చినవి. 1984 నవంబరులో సోనీ వారు చేత పట్టుకొనదగిన డి-50 అను యంత్రమును విడుదల చేసిరి. డిస్కు వ్యాసము 12 సెంటీమీటర్లు. క్యాసెట్టు డెక్కు నోటిలో అది పట్టదు. కారుకు తగిన సి.డి. యంత్రములును 1984 ప్రాంతముననే వచ్చినవి గాని, వాని వెల అధికము. పైగా కారు పది పదునైదు సంవత్సరములు మన్నును. జేబుయంత్రము రెండు మూడేండ్లకే పాతబడును. కారులో బిగించిన స్టీరియో వెనుకబడుట, చేతిలోని యంత్రము ముందుకు పోవుట అప్పటినుండి నేటివరకు ఆగలేదు. ఈ రెంటిని కలుపు ఉపాయములన్నియు ఆ యెడమునుండియే పుట్టినవి.

అప్పటి స్టీరియోలోనికి ధ్వని ప్రవేశించుటకు రెండే ద్వారములు కలవు: ఏరియలు ఒకటి, టేపు తల రెండవది. మన అడాప్టరు రెండవ ద్వారమును పట్టుకొన్నది.

టేపు తల యనగా నేమి? గుర్రపునాడా వలె వంచిన మృదు అయస్కాంత పదార్థము, దానిపై చుట్టిన సన్నని తీగ. నాడా కొనల నడుమ కంటికి కనబడనంత సన్నని సందు. టేపుపై నున్న అయస్కాంత రేణువులు ఆ సందు ముందుగా సాగిపోవునపుడు, నాడాలోని అయస్కాంత అభివాహము పెరుగుచు తరుగుచుండును. 1831లో ఫారడే చెప్పిన ప్రకారము, మారు అభివాహము తీగచుట్టలో విద్యుచ్ఛాలక బలమును పుట్టించును. డెక్కు దానినే పెంచి స్పీకరుకు పంపును.

ఇందు కీలకమేమనగా, తలకు టేపుతో పనిలేదు. దానికి కావలసినది మారుచున్న అయస్కాంత క్షేత్రము మాత్రమే. అది టేపునుండి వచ్చినదా, మరియొక చోటినుండి వచ్చినదా అని తల అడుగదు. కనుక డెక్కులోని తలకు ఎదురుగా అటువంటిదే మరియొక తలను నిలిపి, దాని తీగచుట్టలోనికి సి.డి. యంత్రపు ఇయర్‌ఫోను విద్యుత్తును పంపినచో చాలును. పంపిన విద్యుత్తు మారినట్లెల్ల క్షేత్రము మారును. క్షేత్రము మారినట్లెల్ల ఎదుటి చుట్టలో వోల్టేజి పుట్టును. రెండు తలలును కలసి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు అగును. ప్రైమరీ అడాప్టరులో, సెకండరీ డెక్కులో. లారీ షాట్జ్ అను అమెరికను ఇంజనీరు 1980 దశకములో దీనికి పేటెంటు పొందెను.

చెప్పుటకు సులభమే గాని చేయుటలో చిక్కులున్నవి. చాల డెక్కులు టేపుచక్రములు తిరుగుచున్నవా లేదా యని కాచుకొని యుండును. తిరుగుట ఆగినచో టేపు ముగిసినదని తలచి క్యాసెట్టును వెలికి నెట్టును, లేదా రెండవ వైపునకు మార్చును. దానిని మోసగించుటకు అడాప్టరులో పండ్లచక్రములు అమర్చి, ఒక చక్రము తిరిగినచో రెండవది తిరుగునట్లు చేసిరి. పాట నడుమ చిన్నగా వినవచ్చు కిరకిర ఆ పండ్లదే. మరియొకటి: టేపునుండి వచ్చు వోల్టేజి పౌనఃపున్యముతోపాటు పెరుగును గనుక, డెక్కులో మంద్రస్వరములను హెచ్చించు ఏర్పాటు ముందే ఉండును. అడాప్టరు చుట్టయు, దానిలోని చిన్న నిరోధకములును ఆ లెక్కకు సరిపడవలెను. లేనిచో స్వరముల పాళ్ళు తప్పును. ఒక లాభము మాత్రము అనుకోకుండ కలిగినది. టేపే లేదు గనుక టేపు రేణువులు పుట్టించు 'స్‌స్' అను సవ్వడియు లేదు.

ఏరియలు ద్వారమున పోయినవారు చిన్న ఎఫ్.ఎం. ప్రసారిణులను చేసిరి. పాటను 88 నుండి 108 మెగాహెర్ట్జుల నడుమ ఖాళీగా నున్న ఒక పౌనఃపున్యముపై ప్రసారము చేయుట, కారు రేడియోను అక్కడకు త్రిప్పుట – ఇంతే పని. 1933లో ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంటు పొందిన ఈ పద్ధతిలో ఒక గుణమున్నది: ఒకే పౌనఃపున్యముపై రెండు ప్రసారములు వచ్చినచో గ్రాహకము బలమైనదానిని పట్టుకొని బలహీనమైనదానిని దాదాపు పూర్తిగా విడిచివేయును. అందుచే దూరపు కేంద్రముకంటె చేరువనున్న చిన్న ప్రసారిణి గెలువగలదు. కాని పొరుగు కారులవారికి ఇబ్బంది కలుగరాదని ప్రభుత్వములు దాని బలమునకు హద్దులు పెట్టినవి. అమెరికాలో మూడు మీటర్ల దూరమున క్షేత్రబలము మీటరుకు 250 మైక్రోవోల్టులు మించరాదు. బ్రిటనులో 2006 డిసెంబరువరకు ఇవి అసలే నిషిద్ధములు. అనుమతించినప్పుడు విధించిన హద్దు 50 నానోవాటులు, అనగా ఒక వాటులో రెండు కోట్లవ వంతు. స్టేషన్లు క్రిక్కిరిసిన పట్టణములో ఆ బలము చాలదు. ఒక వీధిలో ఖాళీగా నున్న చోటు మరుసటి వీధిలో ఖాళీగా నుండదు. డ్రైవరు దారి చూచుటకు బదులు రేడియో మీటను చూడవలసి వచ్చుట ఈ పద్ధతిలోని పెద్ద లోపమని నా అభిప్రాయము.

ఇక అసలైన రంధ్రము. దాని వంశము మిక్కిలి పురాతనమైనది. 1878 ప్రాంతమున అమెరికాలో టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు మొదలైనప్పుడు, చందాదారులను ఒకరితో నొకరిని కలుపుటకు ఆపరేటర్లు పిన్నులను రంధ్రములలో గ్రుచ్చెడివారు. చార్లెస్ స్క్రిబ్నరు అను ఇంజనీరు దానికి తగిన స్ప్రింగుల స్విచ్చిని రూపొందించెను. దాని రూపము మడతకత్తిని, అనగా 'జాక్-నైఫ్'ను పోలియుండుటచే 'జాక్' అను పేరు వచ్చినదందురు. ఆ పిన్ను లావు పావు అంగుళము. ట్రాన్సిస్టరు రేడియోల కాలమున అది 3.5 మిల్లీమీటర్లకు తగ్గినది. స్టీరియో పిన్నుకు మూడు భాగములు: కొన ఎడమ ధ్వనికి, నడిమి ఉంగరము కుడి ధ్వనికి, మొదలు ఉమ్మడి తీగకు. మా బీరువాలోని అడాప్టరు చివరనున్నదియు అదే.

టెలిఫోను ఆపరేటర్లు ఎరిగిన ఇంత చిన్న రంధ్రము కారు స్టీరియో ముఖముపై సర్వసాధారణమగుటకు ఇంచుమించు 2000 దశకము నడుమవరకు పట్టినది. విడిగా కొనెడి కొన్ని స్టీరియోలకు అంతకు ముందే ఉండెడిది. కారుతోపాటు వచ్చువానికి చాలవరకు లేదు. సాంకేతికముగా ఏ యడ్డంకియు లేదు. తమ డెక్కులో తమ యంత్రమే పాడవలెనను తయారీదారుల ధోరణియే కారణమని నేననుకొందును. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ ప్రకటించిన ఐపాడ్ ఆ ధోరణిని కదల్చినది. వేయి పాటలు జేబులో పట్టినప్పుడు, వానిని కారులో వినలేమనినచో కొనువాడు ఒప్పుకొనునా? 2004లో బి.ఎం.డబ్ల్యు. వారు ఐపాడును కలుపు ఏర్పాటును ప్రకటించిరి. తక్కినవారును క్రమముగా అనుసరించిరి.

రంధ్రము వచ్చినది గాని పాత శత్రువు మరల వచ్చెను. జేబుయంత్రమును కారు విద్యుత్తుతోనే చార్జి చేయుచు, తీగతో స్టీరియోకు కలిపినచో, ఒక్కొక్కప్పుడు పాటతోపాటు 'కుయ్' మను రొద వినవచ్చును. ఆక్సిలరేటరు నొక్కినకొలది దాని శ్రుతి పెరుగును. ఇది ఆల్టర్నేటరు కూత. చార్జరు తీగ ద్వారా ఒకటి, సంగీతపు తీగ ద్వారా ఒకటిగా కారు శరీరమునకు రెండు దారులు ఏర్పడి, ఆ వలయములో ఆల్టర్నేటరు విద్యుత్తు లోని ఒడుదుడుకులు ప్రవహించి ధ్వనితో కలియును. దీనికి అంగడిలో అమ్ము మందు, తీగ నడుమ చేర్చు చిన్న ట్రాన్స్‌ఫార్మరు. దాని రెండు చుట్టల మధ్య లోహపు బంధము లేదు గనుక వలయము తెగును. పాట మాత్రము అయస్కాంత క్షేత్రముగా దాటిపోవును. ఇది మన క్యాసెట్టు అడాప్టరు చేసిన పనియే గదా! సంగీతపు తీగ కారు శరీరమును తాకకుండ పాటను దాటించుట దానికి పుట్టుకతోనే అబ్బినది.

తీగలు పోయి బ్లూటూత్ వచ్చిన కథ మీ రెరిగినదే. 2.4 గిగాహెర్ట్జుల చెంత 79 చానెళ్ళ నడుమ సెకనుకు 1,600 మారులు దూకుచు అది పాటను అంకెలుగా పంపును. 2016లో ఐఫోను ఇయర్‌ఫోను రంధ్రమునే వదలుకొన్నది. అమెరికాలో కొత్తగా అమ్మిన కారులలో క్యాసెట్టు డెక్కు అంతకు ముందే, 2010 మోడళ్ళతో కనుమరుగైనదని చెప్పుదురు. అయినను పాత కారులు నడుచుచునే ఉన్నవి. వానికొరకు ఇప్పుడు బ్లూటూత్ అడాప్టరులు వచ్చినవి: లోపల చిన్న బ్యాటరీ, రేడియో చిప్పు, ఒక ప్రక్క అదే తల. టేపు ముందే లేదు, ఇప్పుడు తీగయు లేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఇటువంటి అడాప్టరులు పాత సామాను దుకాణములలో దొరకవచ్చును. రెండు సంపాదించి, ఒకదానిని ఫోనుకు, రెండవదానిని మైకు ఆంప్లిఫయరుకు తగిలించి, తలలు రెండును ఎదురెదురుగా ఆనించి పట్టుకొనుడు. రెండవది వినిపించు తలగా పనిచేయును. తరువాత తలల నడుమ ఒక కాగితము, రెండు కాగితములు, ఒక ఇనుప రేకు, ఒక అల్యూమినియం రేకు వరుసగా దూర్చి, పాట ఎంత తగ్గినదో ఒక్కొక్కసారి విద్యార్థులచేతనే వ్రాయించుడు. మా తరగతిలో ప్రశ్న వేసిన పిల్లవాడు మొదట దూర్చినది తన గుర్తింపు కార్డు.