సూపర్‌మార్కెట్ ఆవరణలో కారు నిలిపినందుకు నోటీసు: బ్రిటనులో ఉన్న మన పిల్లలకు, ఇక్కడి తల్లిదండ్రులకు

సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలో మా ఊరి రైతు ఒకరు బడికి వచ్చి, ఫోనులో ఒక కాగితపు ఫోటో చూపించారు. ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతున్న కుమారుడు పంపినది. కారు బొమ్మ, నంబరు పలక, లోనికి వచ్చిన వేళ, బయటకు వెళ్ళిన వేళ, క్రింద 100 పౌండ్లు అన్న అంకె ఉన్నవి. మన లెక్కలో పదకొండు, పన్నెండు వేల రూపాయలు. "సార్, ఇది పోలీసు కాగితమా? వాడి వీసాకు ఏమైనా అవుతుందా?" అని ఆయన అడిగారు. ఇదే ప్రశ్న మన సరిహద్దు పల్లెలలో మరికొన్ని ఇండ్లలోనూ వినబడుచున్నందున, తెలిసినంతలో వివరముగా వ్రాయుచున్నాను.

బ్రిటనులో కారు నిలిపినందుకు వచ్చే కాగితాలు ప్రధానముగా రెండు రకాలు. నగరపాలక సంస్థ గాని, పోలీసులు గాని ఇచ్చేది ఒకటి. దాని పేరు పెనాల్టీ చార్జి నోటీసు లేదా ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు. సూపర్‌మార్కెట్ స్థలమును చూచుకొనే ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ చార్జి నోటీసు. మొదటి అక్షరాలు కలిపితే పెనాల్టీ చార్జికీ, పార్కింగ్ చార్జికీ కూడా పి.సి.ఎన్. అనియే వస్తుంది. తికమక అక్కడే. మొదటిది చెక్‌పోస్టులో అధికారి వ్రాసే చలానా వంటిది. రెండవది సినిమా టాకీసులో సైకిల్ స్టాండు గుత్తకు తీసుకొన్నవాడు అడిగే పైకము వంటిది. అది జరిమానా కాదు. నేరము కాదు. లైసెన్సుపై పాయింట్లు పడవు. ఈ వ్యాసములో చెప్పబోవునది రెండవ రకమునకే వర్తించును. పురపాలక నోటీసుకు గడువులు, పద్ధతులు వేరు.

జరిమానా కాదు గనుక చింపి పారవేయవచ్చునని సీనియర్లు చెప్పే మాట ఒకటి ఇంకను తిరుగుచున్నది. అది పాతబడిన సలహా. ఆవరణలోని బోర్డుపై వ్రాసిన షరతులు ఒప్పందముగాను, కారు నిలుపుట ఆ ఒప్పందమునకు అంగీకారముగాను అక్కడి చట్టము పరిగణించును. చెమ్స్‌ఫర్డ్ పట్టణములోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత గడువు దాటి దాదాపు మరొక గంట కారు ఉంచినందుకు వేసిన 85 పౌండ్లు చెల్లునని, పార్కింగ్‌ఐ, బీవిస్‌ల మధ్య నడిచిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2015 నవంబరు 4న తీర్పు ఇచ్చినది. అంతకుముందే 2012 అక్టోబరు నుండి ఇంగ్లండు, వేల్సులలో ప్రైవేటు స్థలములలో చక్రాలకు తాళము వేయుటను నిషేధించారు. దానికి బదులుగా, నడిపినవారు ఎవరో తెలియకున్నను, నిర్ణీత షరతులు పాటించినచో కారు ఎవరి పేరున నమోదై ఉన్నదో వారినుండి సొమ్ము కోరవచ్చునని కంపెనీలకు హక్కు కల్పించారు. ఆ చిరునామాను వాహన రిజిస్ట్రేషను శాఖయే ఒక్కొక్కదానికి రెండున్నర పౌండ్లు తీసుకొని కంపెనీకి ఇచ్చును.

అయితే ఆ హక్కుకు గడువు ఉన్నది. అద్దముపై చీటీ అంటించకుండ, కెమెరా ఆధారముగా పోస్టులో మాత్రమే పంపినచో, కారు నిలిపిన మరునాటి నుండి లెక్కించి 14 రోజులలోగా నోటీసు యజమానికి చేరవలెను. ఆలస్యమైనచో యజమాని అన్న కారణముతో సొమ్ము అడుగుటకు వీలుండదు, నడిపినవారినే అడుగవలెను. కనుక కవరు వచ్చిన రోజును దానిమీదనే వ్రాసిపెట్టుకొనుట మంచిది. జవాబులో "నేను నిలిపినాను" అని తొందరపడి వ్రాయరాదు. "ఈ వాహనము నా పేరున నమోదై ఉన్నది" అని వ్రాసిన చాలును. ప్రైవేటు నోటీసు విషయములో నడిపినవారి పేరు చెప్పి తీరవలెనన్న నిర్బంధము చట్టములో లేదు. ఇది అబద్ధమాడుట కాదు. అడిగినదానికంటె ఎక్కువ చెప్పకుండుట.

ఇక మొదట చేయవలసిన పని కంపెనీకి వ్రాయుట కూడ కాదు. కొన్న సరుకుల బిల్లు తీసుకొని ఆ సూపర్‌మార్కెట్‌కే వెళ్ళి, మేనేజరును కలిసి, తాము ఖాతాదారులమని చూపి, నోటీసు రద్దు చేయించమని మర్యాదగా అడుగుట. కంపెనీని పెట్టుకొన్నది దుకాణము గాని, ఆ స్థలము యజమాని గాని. వారు ఒక మాట చెప్పినచో రద్దగుట తరచుగా జరుగుచున్నది. పిల్లలు సిగ్గుపడి ఈ పని మానుకొందురు. మానుకొనరాదు.

అక్కడ పని జరగనిచో నోటీసు వచ్చిన 28 రోజులలోగా కంపెనీకి అభ్యంతరము వ్రాయవలెను. చూడవలసినవి కొన్ని ఉన్నవి. బోర్డులు కంటికి కనబడునట్లు ఉన్నవా? గడువు ముగిసిన తరువాత ఇవ్వవలసిన 10 నిమిషముల వెసులుబాటు ఇచ్చినారా? దుకాణములోని యంత్రములో నంబరు నమోదు చేసినప్పుడు ఒక అక్షరము తప్పినంత మాత్రమున వచ్చినదా? అన్నింటికంటె ముఖ్యమైనది కెమెరా లెక్క. గేటు వద్ద కెమెరా లోనికి వచ్చిన వేళను, బయటకు వెళ్ళిన వేళను మాత్రమే పట్టును. ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి వచ్చినవాని కారును నడుమ ఒక దఫా పట్టలేకపోయినచో, పగలంతా అక్కడనే ఉన్నట్లు లెక్క తేలును. రెండు బిల్లులు, బ్యాంకు ఖాతా వివరములు, ఫోనులో నమోదైన ప్రయాణపు జాడ అప్పుడు సాక్ష్యములు.

కంపెనీ తిరస్కరించినచో స్వతంత్ర విచారణకు వెళ్ళవచ్చును. కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యురాలైనచో పోప్లా అను సంస్థకు, రెండవ సంఘములో ఉన్నచో ఐ.ఎ.ఎస్.కు వ్రాయవలెను. ఎవరికి, ఎన్ని రోజులలో వ్రాయవలెనో తిరస్కార పత్రములోనే ఉండును. పోప్లాకు రుసుము లేదు. దాని తీర్పుకు కంపెనీ కట్టుబడవలెను. మనము కట్టుబడనక్కరలేదు. అయితే ఒక మెలిక ఉన్నది. నోటీసులోని 100 పౌండ్లను 14 రోజులలో చెల్లించినచో 60కి తగ్గింతురు. పోప్లాకు వెళ్ళి ఓడినచో ఆ తగ్గింపు సాధారణముగా ఉండదు. నిజముగానే గడువు దాటి కారు నిలిపి, చెప్పుకొనుటకు కారణమేమియు లేనిచో 60 చెల్లించి మరచిపోవుటయే మేలని నా అభిప్రాయము.

ఊరకుండినచో ఏమగును? అప్పు వసూలు చేయు సంస్థల ఉత్తరములు వచ్చును. మొత్తమునకు 70 పౌండ్ల వరకు కలుపుదురు. వీరు కోర్టు అమీనాలు కారు. ఇంటిలోనికి వచ్చి సామాను జప్తు చేయు అధికారము వీరికి లేదు. ఆ తరువాత 30 రోజుల గడువుతో దావాకు ముందటి ఉత్తరము వచ్చును. దానికి తప్పక జవాబు వ్రాయవలెను. తదుపరి కౌంటీ కోర్టు కాగితము వచ్చినచో రెండు వారములలో స్పందించవలెను. స్పందించనిచో విచారణ లేకుండగనే తీర్పు వెలువడును. నెల లోపల చెల్లించని తీర్పు ఆరేండ్లపాటు రిజిస్టరులో ఉండి, ఇల్లు అద్దెకు తీసుకొనుటకు, అప్పు పుట్టుటకు అడ్డు తగులును. వీసా దరఖాస్తులోను సివిల్ కోర్టు తీర్పులేవైనా ఉన్నవా అన్న ప్రశ్న ఉన్నది. కనుక ఆ తండ్రి ప్రశ్నకు జవాబు ఇది: నోటీసు వలన వీసాకు ముప్పు లేదు. దానిని పట్టించుకొనక కోర్టు తీర్పు దాకా తెచ్చుకొన్నచో అది చెప్పుకొనవలసిన విషయమగును.

ఇందులో మన పిల్లలకు ఎక్కువగా చేటు తెచ్చునది గది మారుట. ఏటా గది మారుదురు, కారు రిజిస్ట్రేషను పత్రములో పాత చిరునామాయే ఉండును. ఉత్తరములన్నియు అక్కడికే పోవును. తీర్పు వచ్చిన సంగతి ఎప్పుడో సెల్‌ఫోను కనెక్షను నిరాకరించినప్పుడు తెలియును. అప్పుడు ఆ తీర్పును రద్దు చేయించుకొనుటకు మరల కోర్టు ఖర్చు. స్నేహితుని కారు నడిపినను నోటీసు అతనికే పోవును. అద్దె కారైనచో ఆ కంపెనీ తన రుసుము వేరుగా కలుపును.

మనవంటి సరిహద్దు మనుషులకు సులువుగా బోధపడే సంగతి మరొకటి. యజమానినుండి సొమ్ము కోరవచ్చునన్న 2012 నాటి నియమము ఇంగ్లండు, వేల్సులకే గాని స్కాట్లండుకు వర్తించదు. ఎల్ల దాటినచో నడిపినవారినే అడుగవలెను. ప్రభుత్వము తానే ఒక నియమావళి చేయుటకు 2019లో చట్టము తెచ్చినది. 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన దానిని జూన్‌లో ఉపసంహరించి, 2025 జూలైలో మరల సంప్రదింపులు మొదలుపెట్టినది. పైన చెప్పిన 100, 60, 70 అంకెలు, 10 నిమిషముల వెసులుబాటు కంపెనీల సంఘములు 2024లో కలిసి చేసుకొన్న నియమావళిలోనివి. నోటీసు వచ్చిననాడు అవి మారినవేమో చూచుకొనవలెను.

మా ఊరి అబ్బాయిది రెండుసార్లు వెళ్ళిన కథయే. ఉదయము పాలు, రొట్టె కొన్న బిల్లు, సాయంత్రము బియ్యపు సంచి కొన్న బిల్లు రెండును దాచి ఉంచినాడు. వాటి ఫోటోలు జతపరచి, పది పంక్తుల ఉత్తరము వ్రాసినాడు. మూడు వారములకు రద్దైనట్లు జవాబు వచ్చినదని వాళ్ళ నాన్న మొన్న సంతలో కనబడి చెప్పారు.