మాతృక - పుత్రిక

తాళపత్రానికి చెదలు, చెమ్మ, నిప్పు ఆగర్భశత్రువులు. పూర్వులు ఆకులకు నూనె పూసి కాపాడుకొన్నారు. అవి శిథిలం కాకముందే కొత్త ఆకులపై నకళ్ళు వ్రాయించారు. మూలం మాతృక, నకలు పుత్రిక. పుత్రిక లేని గ్రంథాలు మాతృకతోనే అంతరించాయి.

1820లో ఉద్యోగరీత్యా కడప చేరిన సి.పి. బ్రౌను, అనంతరకాలంలో స్వంత ధనంతో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతులు కాగితంపై వ్రాయించాడు. వాటిలో అనేకం నేడు చెన్నై ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

ల్యాప్‌టాప్ బ్యాటరీని వేడి నుండి కాపాడడం ఆకుకు నూనె పూయడం వంటిదే. ఆయువు పెరుగుతుందే కాని మృత్యువు తప్పదు. కనుక పాఠక మహాశయులారా, మీ వ్రాతలకు వారానికొక పుత్రికను వేరొక డిస్కులో, వీలైతే వేరొక ఊరిలో ఉంచండి. ఉంచి ఊరకుండక, తెరిచి సరిచూడండి.