పాత నాదము – కొత్త యంత్రము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలలో డప్పు వాయించువారు ముందుగా మంట వేసి డప్పును సెగకు పట్టుదురు. తోలు బిగిసి నాదము హెచ్చును. చల్లబడిన మరల దిగును. ఈ చిన్న విషయమును మనసున నుంచుకొని, విద్యుత్తుతో పలుకు వాద్యముల కథ వినుడని శ్రోతలను కోరుచున్నాము.

1964లో అమెరికాదేశమున రాబర్ట్ మోగ్, సంగీతకారుడగు హెర్బర్ట్ డాయిచ్ తోడ్పాటుతో సింథసైజరు నొకదానిని నిర్మించెను. ఇందు తీగ లేదు, తోలు లేదు, విద్యుత్ప్రకంపనమే నాదము. వోల్టేజి పెంచిన శ్రుతి హెచ్చును. ఫిల్టరు పై స్వరాంశములను తగ్గించి నాదమునకు మెత్తదనము నిచ్చును. 1969లో ఇట్టి మోగ్ యంత్రమును డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో నెలకొల్పెను. 1970లో మినీమోగ్ వచ్చుటతో బీరువావంటి యంత్రము ఒకరు మోసికొనిపోగల పెట్టెయైనది.

అయితే ఆ వాద్యములకు నొక దోషము కలదు. లోపలి భాగములు వేడెక్కుకొలది శ్రుతి జారెడిది. కచేరీకి ముందు కొంతసేపు యంత్రమును నడువనిచ్చి, పిమ్మట శ్రుతి చేయవలసివచ్చెడిది. డప్పునకు మంట ఎట్లో, దీనికి ఆ నిరీక్షణ మట్లు.

గిటారు వాయించువారు తమ తీగలనుండియే ఈ నాదము రావలెనని కోరిరి. 1977లో జపానుదేశపు రోలాండ్ సంస్థ జీఆర్-500ను వెలువరించెను. దానికి ప్రత్యేకమైన గిటారు కావలసియుండెను. 2017లో న్యూయార్కులోని ఎలక్ట్రో-హార్మోనిక్స్ సంస్థవారి సింథ్9 అను పెడలు వచ్చినది. కాలితో నొక్కు ఈ చిన్న పెట్టె సామాన్యమైన గిటారునే గైకొని, తొమ్మిది విధముల పాత సింథసైజరు పోలికలను పలికించును.

ఇచట నొక వింత కలదు. నేటి డిజిటల్ యంత్రములకు శ్రుతి జారదు. కాని జారని నాదము పాతదానివలె వినబడదు. కావున పాత వాద్యముల ననుకరించు యంత్రములు పెక్కింటిలో, శ్రుతి ఇంచుక చలించు గుణమును లెక్కకట్టి చేర్చుచున్నారు. ఒకనాడు ఏ దోషమును పోగొట్టుటకు శ్రమించిరో, నేడు దానినే రప్పించుటకు శ్రమించుచున్నారు.

జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన ఒగ్గుకథా కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో దివంగతులైరి. డోలు దెబ్బను రికార్డు చేసి మీటకు తగిలించుట నేడు కష్టము కాదు. కాని అది ఒకనాటి దెబ్బ, ఒక తోలు పలుకు మాత్రమే. మోగ్ యంత్రమును దాని పటము చూచి మరల నిర్మింపవచ్చును. డప్పును ఎంత సెగకు, ఎంతసేపు పట్టవలెనో చెప్పు పటము లేదు. అది వాయించువాని చెవికే తెలియును. ఆ చెవి గలవారు మన నడుమ ఉండగనే పిల్లలను వారి చెంత కూర్చుండబెట్టుట మన కర్తవ్యమని తలచుచున్నాము.