కలకత్తాలో ఏ హోటల్లో దిగాలి?

పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని మా ఆడపడుచు, వాళ్ళాయన కలకత్తా ప్రయాణం పెట్టుకున్నారు. కోల్‌కతా అని పేరు మారినా నా నోటికి కలకత్తాయే వస్తుంది, ఏమనుకోకండి. "వదినా, ఒక్క రాత్రయినా పాతకాలపు పెద్ద హోటల్లో ఉండాలని ఆయన సరదా. గ్రేట్ ఈస్టర్నా, గ్రాండా? నువ్వే చెప్పు" అంది. ధర రెండుచోట్లా గుండె గుభేలుమనేదే. అంచేత దాన్ని పక్కనబెట్టి ఆ రెండింటి పుట్టుపూర్వోత్తరాలు వాకబు చేశాను. పిల్లనిచ్చే ముందు చెయ్యమూ, అలాగన్నమాట.

వయసులో గ్రేట్ ఈస్టర్నే పెద్దది. డేవిడ్ విల్సన్ అనే రొట్టెల వ్యాపారి 1840 ప్రాంతంలో తెరిచాడు. అప్పటి గవర్నర్ జనరల్ ఆక్లండ్ ప్రభువు పేరు పెట్టుకున్నా, జనం మాత్రం విల్సన్ హోటలనేవారట. పొయ్యి దగ్గర పుట్టిన ఇల్లు కదా, నాకు అక్కడే నచ్చింది. డల్హౌసీ స్క్వేరు పక్కనే కనుక దొరలకు, వర్తకులకు అదే విడిది. తర్వాత రోజులు మారాయి. 1970ల్లో ప్రభుత్వం చేతికి వెళ్ళింది, 2005లో ప్రైవేటువారు కొన్నారు, మరమ్మతులయి 2013లో మళ్ళీ తెరిచారు.

ఇక చౌరంగీ వీధిలోని గ్రాండ్. అరతూన్ స్టీఫెన్ అనే ఆర్మీనియన్ దాన్ని కట్టించాడు. విందులకూ వినోదాలకూ పెట్టింది పేరు. ఆయన 1927లో పోయాడు. 1930ల్లో ఊళ్ళో టైఫాయిడ్ ప్రబలినప్పుడు ఆ హోటల్లో ఆరుగురు చనిపోయారు. మురుగునీటి ఏర్పాటు మీదకు అనుమానం వెళ్ళింది. 1937లో తలుపులు మూసేశారు. చూశారా, ముందు హాలు ఎంత తళతళలాడినా వెనకవైపు తూము సరిగా లేకపోతే అంతే సంగతులు! ఈ మాట మనకెవరూ చెప్పక్కర్లేదనుకోండి.

అలా మూతబడ్డ హోటల్ని 1938లో లీజుకు తీసుకున్నవాడు మోహన్ సింగ్ ఒబెరాయ్. 1922లో సిమ్లాలో ఓ హోటల్లో యాభై రూపాయల జీతానికి గుమాస్తాగా చేరినవాడు. 1934లో అక్కడి క్లార్క్స్ హోటల్ కొనడానికి ఉన్నదంతా, భార్య నగలతో సహా, తాకట్టు పెట్టాడు. ఆ ధైర్యంతోనే కలకత్తా దాకా వచ్చాడు. 1943కల్లా గ్రాండ్ ఆయన సొంతమయింది.

ఒబెరాయ్ పేరు తెలియనివారు అరుదు. ఆ నగలావిడ పేరు ఇశ్రాన్ దేవి. ఆ పేరు ఎందరికి తెలుసు? సిమ్లాలో హోటలుకు కావలసిన కూరగాయలూ సరుకులూ ఆవిడే చూసుకునేదట. ఆ నగలిచ్చేనాడు ఆవిడ మనసులో ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. మన ఇళ్ళల్లోనూ తాకట్టుకు వెళ్ళి తిరిగిరాని గాజులెన్ని లేవు! వాటి మీద లేచిన ఇంటికి ఆవిడ పేరు పెట్టినవాళ్ళను నేను చూడలేదు.

ఇదంతా మా ఆడపడుచుకు చెప్పాను. "ఒక పూట గ్రేట్ ఈస్టర్న్‌కి వెళ్ళి టీ తాగి రండి, రొట్టెలాయన ఇల్లు చూసినట్టుంటుంది. రాత్రికి మాత్రం గ్రాండ్‌లో దిగండి. వెనకే న్యూ మార్కెట్టు, 1874 నాటిది, నీకు కాలక్షేపం" అన్నాను.

తను న్యూ మార్కెట్టు మాట విన్నట్టే లేదు. చేతికున్న గాజులు ఓసారి వెనక్కీ ముందుకీ జరుపుకుని, "ఆవిడ నగలు విడిపించారా వదినా?" అంది.